కంప్యూటర్ ఆగినప్పుడల్లా

ఆటోనగర్ మీదుగా బస్సు వెళ్తున్నప్పుడు గ్రీజూ డీజిలూ ఎండకి కాలిన ఇనుమూ కలిసిన వాసన కిటికీలోంచి గుప్పుమంటుంది. పక్కవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను ఇంకాస్త కిటికీ వైపు జరుగుతాను. మల్లెపూలతోనో ఆవకాయతోనో అమ్మ గుర్తొస్తే నలుగురిలో చెప్పుకోడానికి బాగుంటుంది గానీ, ఏం చేస్తాం, మా అమ్మ నాకు లారీ గ్రీజు వాసనతో గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో మా ఇంటికొచ్చిన పాత కంప్యూటర్ అంతకుముందు ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్లో బిల్లులు కొట్టింది. అప్పటికి నాన్న పోయి రెండో ఏడు. అమ్మ బెజవాడ గవర్నరుపేటలో కార్డులూ కరపత్రాలూ కంప్యూటర్లో టైపు చేసే ఒక డీటీపీ సెంటర్లో పనికి కుదిరి, దగ్గర్లోనే ఒక గది అద్దెకి తీసుకుని ఉండేది. నేను ఉయ్యూరులో మావయ్య ఇంట్లో, అమ్మమ్మ దగ్గర. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజుల్లో ఊరంతా మడ్డి వాసన, రోడ్డు పొడుగునా చెరుకు బళ్ళు, వాటి వెనక గడలు లాగుతూ పరిగెత్తే పిల్లలు. నాకు వాళ్ళతో కలవడం చేతనయ్యేది కాదు. వసారాలో కూర్చుని కుడిచేతికీ ఎడంచేతికీ పందెం పెట్టి గచ్చకాయలు ఆడుకునేదాన్ని. ఎప్పుడూ కుడిచెయ్యే గెలిచేది, ఓడిన ఎడంచేతిని చూస్తే జాలేసేది. ఆదివారం పొద్దున అమ్మ వచ్చేది. మధ్యాహ్నం అన్నాలు కాగానే అమ్మమ్మ గడియారం వంక చూడటం మొదలుపెట్టేది, నేను చూడకూడదని కళ్ళు మూసుకుని అమ్మ ఒళ్ళో పడుకునేదాన్ని.

ఆ వేసవిలో, సొంతంగా ఇంట్లోనే డీటీపీ పెడతానని అమ్మ పట్టుబట్టింది. మావయ్య చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. "బళ్ళు తెరిచేలోగా ఆ మిషను నడిచి, పెళ్ళికార్డుల పని మొదలైతే పిల్లని నీ దగ్గరే చేర్పించుకో అమ్మాయ్. లేదంటే ఇక్కడే చదువుకుంటుంది" అన్నాడు. గడప అవతల నిలబడి ఆ మాట విన్నాను. ఆ రోజు నుంచీ నా బతుకంతా ఇంకా చూడనైనా చూడని ఒక కంప్యూటర్ మీద ఆధారపడింది.

సెలవులివ్వగానే అమ్మమ్మా నేనూ బెజవాడ వచ్చేశాం. బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, ముంజలూ చిన్నరసాలూ నీళ్ళ బకెట్లో వేసి, మధ్యాహ్నమంతా మజ్జిగ తాగుతూ ఆ ఒక్క గదిలో పడి ఉండేవాళ్ళం. గదిలో సగం కంప్యూటరే. అమ్మ దూదికి స్పిరిట్ అద్ది కీబోర్డు మీటల మీద గ్రీజు తుడుస్తూ ఉండేది, ఎంత తుడిచినా వాసన పోయేది కాదు. తుడిచిన ప్రతి మీట మీదా తెలుగక్షరం రాసిన చిన్న కాగితమ్ముక్క అంటించడం నా వంతు.

ఇన్‌స్టాల్ చెయ్యడానికి వచ్చినాయన ప్రసాదుగారు. ఆ స్పేర్‌పార్టుల కొట్లో బిల్లులు కొడుతూ, ఆదివారాలు కంప్యూటర్లు బాగుచేసేవాడు. కంప్యూటర్ మాకు ఇప్పించిందీ ఆయనే. అమ్మని "అక్కయ్యగారూ" అనేవాడు, ఏ పని మొదలుపెట్టినా ముందు గట్టిగా నిట్టూర్చేవాడు. లోపలున్న బేరింగుల బిల్లులన్నీ చెరిపేస్తే గానీ చోటు దొరకలేదు. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళల్లాంటి ఫ్లాపీల కట్టలో ఉంది. ఒకటి పెడితే లోపల కప్ప బెకబెకమన్నట్టు చప్పుడు, తెర మీద నీలంగీత కొంచెం ముందుకి, తర్వాత ఇంకో ఫ్లాపీ. గీత చివరిదాకా వస్తే నేను బెజవాడ బళ్ళో చేరినట్టే. ఉగ్గబట్టుకుని చూస్తున్నాను.

చివరి ఫ్లాపీ దగ్గర గీత ఆగిపోయింది. తీసి ఊదాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ ఆగింది. ప్రసాదుగారు బయటికి తీసి, దాని రేకు జరిపి వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇదేంటండీ, లోపల పసుపుంది?"

అమ్మమ్మ ముందుకొచ్చింది. "నేనే పెట్టాను నాయనా. కొత్త సామానుకి బొట్టు పెట్టకుండా ఎట్టా మొదలెడతారు? బుల్లి తలుపుంది గదా, జరిపి చూస్తే గడపలా ఉంది. గడపకి పసుపు రాయొద్దూ?"

బోర్లించిన కట్టలో పైకొచ్చింది చివరి ఫ్లాపీ కాబట్టి, మిగతా వాటన్నిటి తరఫునా దానికే పూజ జరిగింది. నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు. ప్రసాదుగారికి ఆ ఫ్లాపీలిచ్చిన మనిషి సెలవులకి మైలవరం పోయాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. బళ్ళు తెరిచే రోజు దగ్గరపడుతోంది. అమ్మ మళ్ళీ దూది తీసుకుని మీటలు తుడవడం మొదలుపెట్టింది, తిట్టనందుకే అమ్మమ్మ ఎక్కువ బాధపడింది. ఆ పూట అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలుపుతూనే ఉంది గానీ నోట్లో పెట్టుకోలేదు. నేను మూలనున్న నా బట్టల సంచీలోంచి గచ్చకాయలు తీసి, ఆడబుద్ధి కాక, మళ్ళీ లోపల పెట్టేశాను.

వారం తిరిగాక ప్రసాదుగారు కొట్టుకి సెలవు పెట్టి, తనే మైలవరం బస్సెక్కి వెళ్ళి ఇంకో ఫ్లాపీ తెచ్చాడు. దాన్ని చూసి అమ్మమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నీలంగీత చివరిదాకా వెళ్ళింది. తెలుగు టైపు చేస్తే మొదట పిచ్చి గీతలొచ్చాయి, ఫాంట్లు ఎక్కించి, ఏవేవో మార్చి, పదే పదే ఆపి మొదలుపెట్టాక, "ఏదన్నా కొట్టండి అక్కయ్యగారూ" అని లేచాడు. అమ్మ "శ్రీరామ" అని కొట్టింది. తెర మీద శ్రీరామ అని వచ్చింది. అమ్మమ్మ దూరం నుంచే దణ్ణం పెట్టుకుని, మర్నాడు నన్ను అమ్మకి వదిలేసి ఉయ్యూరు బస్సెక్కింది.

నేను బెజవాడ బళ్ళో చేరాను. కోరుకున్నది దొరికింది. శ్రావణ ముహూర్తాలకి కార్డుల పని విరగబడింది, పెళ్ళివారు గుమ్మంలో నిలబడి తొందరపెట్టేవారు. బడి నుంచి వచ్చేసరికి అమ్మ వీపు కనిపించేది. పలకా పుస్తకాలూ మంచం మీద పరుచుకుని హోంవర్కు చేసుకుంటూ నేను అమ్మ వీపుకే కబుర్లు చెప్పేదాన్ని. "ఊఁ" అనేది. ఉయ్యూరులో ఆదివారం మధ్యాహ్నం వరకన్నా అమ్మ ముఖం ఉండేది కదా అనిపించి, ఏడుపొచ్చేది.

అయితే ఆ ముసలి కంప్యూటర్‌కి ఒక జబ్బుంది. కార్డు పైన వినాయకుడి బొమ్మ పెట్టగానే కదలకుండా ఆగిపోయేది. లోకమంతటికీ విఘ్నాలు తొలగించే స్వామి మా ఇంట్లో మాత్రం పని ఆపేవాడు. ఆపి మళ్ళీ మొదలుపెడితే, అది తన ఒళ్ళంతా తడుముకుని లేచేసరికి చాలాసేపు పట్టేది. అప్పుడు అమ్మ కుర్చీ ఇటు తిరిగేది. "రావే, జడ చూడు ఎట్టా ఉందో" అని నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, జడ విప్పి, చిక్కు తీసి, మళ్ళీ అల్లేది. బళ్ళో ఏం జరిగిందో అప్పుడడిగేది. వేళ్ళకి గ్రీజు వాసన, కొబ్బరినూనె వాసన. వినాయకుడి కార్డులే ఎక్కువ రావాలని మొక్కుకునేదాన్ని.

సంవత్సరం తిరగకుండానే ప్రసాదుగారొచ్చి డబ్బా విప్పి మెమరీ పెంచాడు. "ఇంక ఆగదండీ అక్కయ్యగారూ" అన్నాడు గర్వంగా. మంచి పనివాడు, అన్నట్టే ఇంకెప్పుడూ ఆగలేదు. అమ్మ సంతోషం చూసి నేనూ నవ్వాను. ఆ నెలలోనే అద్దం ముందు నిలబడి సొంతంగా జడేసుకోవడం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఫ్లాపీలు లేవు, ఆ గది లేదు, శుభలేఖలు ఫోన్లోనే వస్తున్నాయి. అమ్మ పోయి ఇది మూడో వేసవి. నా బల్ల మీది కంప్యూటర్ ఎంత పెద్ద బొమ్మ పెట్టినా తడుముకోదు. ఆటోనగర్ దగ్గర లారీలు అడ్డమొచ్చి బస్సు ఆగిపోతే అందరూ విసుక్కుంటారు. నా చెయ్యి దానంతటదే జడ మీదికి పోతుంది. బస్సు కదిలేలోగా విప్పి, చిక్కు తీసి, మళ్ళీ నేనే అల్లుకుంటాను.