సోమయ్య కోసం తెచ్చిన వైట్ వైన్

చదువుకున్నవాడు సీసా మీది అక్షరాలు సగమే చదివితే ఎంత అనర్థం జరుగుతుందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నవ్వినవాళ్లు నా ముఖం మీదే నవ్వారు.

సోమయ్యా నేనూ బూర్గంపాడు దగ్గర ఒకే బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. ఒకసారి గోవా వెళ్లినప్పుడు వాడు వైట్ వైన్ తాగాడు. ఆ తరువాత బతికినన్నాళ్లూ దాన్ని మెచ్చుకుంటూనే ఉన్నాడు. వాడు పోయాడు. దినం నాడు పోయినవాడికి ఇష్టమైనది పోయడం వాళ్ల గూడెంలో ఆనవాయితీ.

"ఇప్పసారా నేను పోస్త. ఆ తెల్లది యాడ దొరుకుతదో నాకెర్కలేదు సారూ" అంది వాళ్లమ్మ ముత్తమ్మ.

"నేను తెస్తనమ్మా. మంచిదే తెస్త."

ముందు వైన్స్ దుకాణంలో అడిగాను.

"రమ్మున్నది, బ్రాందీ ఉన్నది. వైనెవరు తాగుతరన్నా?"

"బోర్డు మీద రాసిన్రు గదా."

"అయితే బోర్డు తాగు."

వెనక్కి తగ్గే మనిషిని కాదు. ఖమ్మం సూపర్ మార్కెట్‌కు వెళ్లి, అక్కడి అమ్మాయిని గొంతు తగ్గించి అడిగాను.

"సాసుల పక్కన చూడున్రి సార్" అంది.

"మంచిదేనా?"

"ఫారిన్‌ది సార్. హోటలోళ్లు తీస్కపోతరు."

ఇంకేం కావాలి? వైన్ గురించి పుస్తకాల్లో చదివినదంతా గుర్తు చేసుకుని, సీసాను ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టుకున్నాను. లేత గడ్డిరంగు, అడుగున మడ్డి లేదు. పెద్ద అక్షరాల్లో వైట్ వైన్ అని ఉంది. కింది చిన్న అక్షరాలతో మనకేం పని?

దినం నాడు ముత్తమ్మ మొదట నేల మీద కాస్త పోసి, ఆకుదొప్ప నింపి నా చేతికిచ్చింది.

"తెచ్చినోడే ముందు తాగాలె సారూ. చుక్క మిగలొద్దు."

తాగాను. పుట్టినప్పటి నుంచి తిన్న చింతకాయలన్నీ ఒక్కసారిగా లెక్క అడగడానికి వచ్చినట్టయింది. అయినా సోమయ్య కోసం ముఖం చిట్లించకూడదని గట్టిగా నిశ్చయించుకున్నాను.

"ఎట్లున్నది?"

"బాగుంది."

నా కళ్లలో నీళ్లు చూసి ఆమె భుజం తట్టింది. "ఏడ్వకు బిడ్డా. పోయినోడు రాడు."

తరువాత ఆమె తాగింది. ఖాళీ దొప్పను ఇటూ అటూ తిప్పి చూసింది.

"నా కొడుకు ఇన్నేండ్లు చెప్పింది దీని గురించేనా?"

సోమయ్య భార్య సీత సీసా అందుకుని అక్షరాలన్నీ చదివింది. "అత్తా, ఇది వెనిగర్. నూడుల్సుల పోస్తరు."

ముత్తమ్మ నావైపు తిరిగింది. "మరి బాగుందంటివి?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కొడుకు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

"వాడుంటే ఈ ముచ్చట బడి మొత్తం చెప్పేటోడు" అంది.

ఇకమీదట నా నాలుక మీద పరీక్షించనిది ఎవరి గడపా దాటించనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చేయకపోయినా ఫరవాలేదు. ఇప్పుడు ఆ ఇంటికి పాలప్యాకెట్ పట్టుకెళ్లినా, ముత్తమ్మ మొదట నాకే ఒక గ్లాసు పోసి ఎదురుగా కూర్చుంటుంది.