బొంతకు ఏ దారం?

ఇయ్యాల మాడుగులపల్లి నుంచి ఒక ముసలామె మిర్యాలగూడల నా కుట్టు దుకాణానికి వచ్చింది. సచ్చిపోయిన తన తల్లి చీరెలు రెండు తెచ్చి, కొత్తగ పుట్టిన మనుమరాలికి బొంత కుట్టమన్నది.

బట్టను అదిమిపట్టే మిషన్ పాదం తీసేసి, బట్టను చేతులతోని అటూ ఇటూ తిప్పుకుంట కుట్టుడు నాకు బాగొస్తది. మంచి గట్టి దారం ఎక్కించిన. ఆమె మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"గది తీసెయ్ బిడ్డా, సన్నది పెట్టు."

"సన్నది తెగుతది గదమ్మా?"

"తెగితె మల్ల కుట్టుకుంట. గట్టి దారం పాత బట్టనే కోస్తది. బట్ట పోతె మా అవ్వ చీర యాడికెల్లి తేవాలె?"

సన్న దారమే పెట్టిన.

ఇన్నేండ్లు నేను కుట్టిన బొంతలు చిరిగొస్తే, మీ బట్టే పాతదని అందరినీ కసిరిన. అట్ల నాతోని తిట్లు తిన్నోళ్లుంటే బొంత తెండ్రి, ఉత్తగనే కుడత. తిట్టుడు మాత్రం ఈసారి మీ వంతు.