గ్రెగ్ వద్దన్న పాట

2023 జులై 14, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే ఊళ్ళో నేను పనిచేసే రెస్ట్ హోమ్ నుంచి గ్రెగ్ శవాన్ని సాగనంపడానికి సిద్ధమయ్యాం. బయట వాన. నేను కేర్‌గివర్‌ని. అంటే ముసలివాళ్ళను లేపి, కడిగి, బట్టలు తొడిగి, తినిపించే మనిషిని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ళను దొడ్డిదారిన పంపం. కారిడార్‌కు రెండు వైపులా వరుసగా నిలబడి ముందు తలుపు నుంచే పంపుతాం. దాన్ని గార్డ్ ఆఫ్ ఆనర్ అంటారు. పోయిన మనిషికి ఇష్టమైన పాట స్పీకర్లో పెడతారు. మంచి పద్ధతే. గ్రెగ్ విషయంలో అదే గొంతులో ముల్లయింది.

గ్రెగ్ ఒకప్పటి రాక్ గాయకుడు. అతని పాట ఒకటి ఈ దేశంలో తెలియనివాళ్ళు అరుదు. రగ్బీ మైదానంలో, పబ్బులో, సూపర్‌మార్కెట్లో అదే మోగుతుంది. మోగితే జనం చప్పట్లు కొట్టి గెంతుతారు. అతని గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ పల్లవి అందుకునేవాళ్ళు. నేను ఆ పాట ఎరగను. మొదటి వారం హోయిస్ట్‌తో, అంటే మనిషిని మంచం మీంచి ఎత్తే యంత్రంతో, లేపుతుంటే అడిగాడు.

"నువ్వు పాడవా, మెల్?" మల్లమ్మ అనడం రాక అలా పిలిచేవాడు.

"నీ పాట నాకు తెల్వదు. చెయ్యి లోపల పెట్టు."

పడీపడీ నవ్వాడు. "దేవుడా, ఒక్క మనిషి దొరికింది!"

ఆ తర్వాత స్నానం చేయించే పొద్దుల్లో కొంచెం కొంచెంగా చెప్పాడు. వాళ్ళది కొండవాలు మీద గొర్రెల ఫారం. ట్రాక్టర్ తిరగబడి తమ్ముడు కెవ్ దాని కింద పడి పోయాడు. ఆ వారంలోనే ఉన్ని కత్తిరించే షెడ్డులో కూర్చుని గ్రెగ్ గిటార్ మీద ఆ పాట కట్టాడు. నిదానమైన పాట. పల్లవిలో తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాడు. స్టూడియోవాళ్ళు విని, చచ్చినవాడి పేరు రేడియోలో నడవదన్నారు. ఆ పేరు తీసేసి 'బేబీ' అని పెట్టించారు, వేగం పెంచారు, చప్పట్లు కలిపారు. ఇతను కుర్రవాడు, తలూపాడు.

"ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి, మెల్."

నాకు అందులో తప్పు కనబడలేదు. అదే అన్నాను.

"మా దిక్కు చావుకు డప్పు కొడ్తరు. తాగి చిందులేస్తరు. గెంతితే ఏమైతది?"

తల నా వైపు తిప్పాడు. "ఆ చిందులేసేవాళ్ళకు పోయిందెవరో తెలుసా?"

"తెల్వకుంటె ఎట్ల? పేరు పెట్టి ఏడుస్తరు."

"వీళ్ళకు తెలియదు."

 అప్పుడే అడిగాడు, తనను బయటికి తీసుకెళ్ళేటప్పుడు ఆ పాట పెట్టనివ్వొద్దని. కూతురు జోయాన్‌కు చెప్పమన్నాను.

"వాళ్ళమ్మ అది తన మీద రాసిన పాటే అనుకుని పోయింది. జోయాన్‌దీ అదే నమ్మకం. ఏ నోటితో చెప్పను?"

మేనేజర్ డెబీకి ఆ రోజే చెప్పాను. ఆమె వెళ్ళి అడిగింది. కూతురు పక్కనే కూర్చుని ఉంది. గ్రెగ్ ఏమంటాడు? "జోయాన్ ఇష్టం" అన్నాడు.

ఆ శుక్రవారం ట్రాలీ గది గుమ్మం దాటింది. పాట మొదలుపెట్టడానికి డెబీ వేలు ఫోను మీద ఉంది. నేను వరుసలోంచి బయటికి వచ్చాను. మా నర్సు శిరీష, ఖమ్మం పిల్ల, కొంగు పట్టినట్టు నా ఏప్రన్ పట్టుకుంది.

"ఆంటీ, నువ్వు నడుమ పోకు. ఫ్యామిలీ డిసైడ్ చేసుకున్నరు."

"పోయినోని మాట ఎవరు డిసైడ్ చేస్తరు మరి?"

జోయాన్ దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో కెవ్ సంగతి చెప్పాను, తండ్రి వద్దన్నాడనీ చెప్పాను.

"అది అమ్మ పాట," అంది.

"కాదు."

ఆమె మొహం పాలిపోయింది. "నాకు చెప్పని మాట నీకెందుకు చెప్పాడు?"

"నీకు ఆ పాటంటే ప్రాణం. నాకు తెల్వదు. గందుకే."

జోయాన్ డెబీ చేతిలోని ఫోను తీసుకుని తన కోటు జేబులో వేసుకుంది. మాటా పాటా లేకుండా నడిచాం. ట్రాలీ చక్రాల కిర్రు ఒక్కటే వినబడింది. తలుపు బయట శవాన్ని తీసుకెళ్ళే కారు డ్రైవర్ తల వంచి, మర్యాదగానే, ఆ పల్లవినే కూనిరాగంగా తీస్తూ వెనక డోరు ఎత్తాడు.

"మా నాన్నకు ఈ పాటంటే పిచ్చి, మేడమ్," అన్నాడు.

"థాంక్యూ," అంది జోయాన్. నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఎన్నడూ పలకరించలేదు.

పోయినవాళ్ళ మాట నిలబెడితే ఉన్నవాళ్ళకు సుఖమని ఈ పనిలో ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ రోజు జోయాన్‌కు తండ్రి పోయాడు, తల్లి పాట కూడా పోయింది. అయినా మళ్ళీ ఎవరైనా అలా అప్పజెప్పి పోతే నేను చెప్పే తీరుతాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: గ్రెగ్ కూతురు జోయాన్, మేనేజర్ డెబీ, నర్సు శిరీష, వంటాయన సియోనె, చక్రాల కుర్చీలో మిసెస్ హార్పర్, డ్రైవర్ మ్యాట్, మల్లమ్మ అనే నేను.