కంపు తినే గుంత

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ తలుపు వేసేయండి. చెప్పేదంతా నిజం... నా మాంగల్యం మీద ఒట్టు.

చాలా ఇళ్లకి ఇంకా కరెంటు లేని రోజులు. గూడూరులో నిమ్మకాయల మండీ వెనక ఒక ప్రెస్సు. మా ఆయన అక్కడ సిరా అంటిన అచ్చులు కడిగేవాడు. కిరసనాయిలు, పెట్రోలు... ఆ ఆవిరికి పక్కిళ్ల వాళ్లు తిట్టిపోసేవాళ్లు. "మీ కంపుకి ముద్ద దిగడంల్యా, ఎత్తెయ్యండి మీ ప్రెస్సు!"

యజమాని పెరట్లో గుంత తవ్వించాడు. పశువుల ఎరువు, కొబ్బరిపీచు, ఎర్రమట్టి నింపించాడు. కడిగే గదిలో గాలినంతా ఫ్యాను పెట్టి, గొట్టంతో దాని అడుక్కి తోలించాడు. పైకి వచ్చేసరికి వాన పడ్డ మట్టి వాసన!

"దాంట్లో కంటికి కనపడని పురుగులుండాయి అమ్మాయ్. ఆ కంపే వాటికి కూడు. నువ్వు తడి మాత్రం ఆరనీయబాక," అన్నాడు యజమాని నాతో.

రోజూ నీళ్లు పోసేదాన్ని. ముట్టుకుంటే జ్వరం వచ్చిన ఒళ్లులా కాలేది.

యజమాని ఇంట పెళ్లని కొన్నాళ్లు ప్రెస్సు మూశారు. కాపలాకి మేమిద్దరమే. గుంతకి నీళ్లయితే పోశాను... కూడు ఎవరు పెడతారు?

ఆ రాత్రి ఒకటే ఉక్క. మా ఆయన పెరట్లో నులకమంచం వేసుకున్నాడు. "ఆ గుంత పక్కన వద్దయ్యా," అన్నాను.

"అదేమన్నా నన్ను కొరుక్కు తింటదా మే?" అని నవ్వాడు.

ఏ జామునో మెలకువ వచ్చింది. హుఁ... హుఁ... ఎవరో గాలి పీలుస్తున్నట్టు. ఫ్యాను అనుకున్నాను. ఫ్యాను ఆపి ఎన్నాళ్లయింది!

కిరసనాయిలు బుడ్డి వెలిగించుకుని బయటికి వచ్చాను. ఆకు కదలడం లేదు. దీపం మాత్రం... వంగింది. గుంత వైపు. చేయి ఇటు తిప్పాను. మళ్లీ అటే వంగింది.

మంచం ఖాళీ.

గుంత మీద బోర్లా పడి ఉన్నాడు. మొహం మట్టిలో. అది పీలిస్తే ఆయన వీపు దిగుతోంది... వదిలితే లేస్తోంది.

"లెయ్యయ్యో!" అని చేయి పట్టి లాగాను. రాలేదు. అటు నుంచి... అదీ లాగింది. నా పట్టు జారిపోతోంది. ఏం తోచిందో, దీపం ఊదేసి, బుడ్డిలో ఉన్న కిరసనాయిలంతా గుంతకి అవతలి మూల పోశాను.

చీకటి. గుట... గుట... గుటకలు.

ఆయన్ని వదిలింది.

తెల్లారాక ఆయనకేమీ గుర్తు లేదు. "ఏంది మే, అట్ట జూస్తావు?" అన్నాడు. అన్నం కలుపుతుంటే ఆ చేయి లాక్కుని వాసన చూశాను. సున్నిపిండికి కూడా పోని పెట్రోలు కంపు... లేదు. ఆయన చెమట వాసనా లేదు. వాన పడ్డ మట్టి వాసన!

ఆయన ఒంట్లో పేరుకున్న పెట్రోలు విషాన్నే తిన్నదో, ఇంకేమన్నా తిన్నదో... నాకిప్పటికీ తెలియదు. ఈనాటికీ ఆయన పక్కన దీపం పెట్టి చూడలేదు. పెట్టను.

మీ ఇంట దీపం ఎటూ వంగకుండా నిటారుగా వెలగాలి తల్లీ. మీవాళ్లంతా మీవాళ్లుగానే ఉండాలి.