లీన్‌హార్ట్ గీసిన ఆఖరి చెక్క

నూరెంబర్గులో బేరి చెక్క మీద దేవుడి బొమ్మలు చెక్కడంలో అపొలోనియా చేయి ఎవరికీ తీసిపోదు. అక్షరం ముక్క రాదు గానీ, పునీతుల కనురెప్పను వెంట్రుకవాసి తేడా రాకుండా నిలబెడుతుంది. ముప్పై ఏళ్లు మొగుడు లీన్‌హార్ట్ చెక్క మీద సిరాతో గీశాడు. ఆ గీతలు వదిలి చుట్టూ ఉన్న చెక్కంతా ఆమె చాకుతో తీసేసింది. సిరా పూసి అద్దితే ఆ మిగిలిన గీతే కాగితం మీద నల్లగా పడుతుంది.

లీన్‌హార్ట్ పోయి తొమ్మిది నెలలు. ఆయన గీసిన ఆఖరి చెక్క కిటికీ దగ్గర అలాగే ఉంది: బాల ఏసును భుజాన మోస్తూ ఏరు దాటే పునీత క్రిస్టఫర్. చెక్కితే చాకు ఆ గీతల అంచులు కొరుకుతుంది, ఆపైన అచ్చు సిరా వాటిని ముంచేస్తుంది. ఆయన చేతి గీత ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు. అందుకే ఆమె చాకు ముట్టలేదు. పొద్దున్నే ఆ చెక్కకు ఎదురుగా కూర్చుని రొట్టె తినేది.

ఒకరోజు అచ్చువేసే ఎండ్రెస్ గుమ్మంలోంచే అరిచాడు.

"ఏం పెద్దమ్మా, క్రిస్టఫర్ ఇంకా ఏట్లోనే ఉన్నాడా? నానిపోతాడు!"

"నీకేంట్రా తొందర? పోయి అచ్చుకి నీ కాగితాలు తడుపుకో."

"ఈస్టరు వెళ్లగానే యాత్రికులు దిగుతారు. ఈ బొమ్మ తలుపుకి అంటించి పొద్దున్నే చూస్తే ఆ రోజుకి దిక్కులేని చావు రాదని ఎగబడతారు. చెక్క నాది, గీయించుకుంది నేను. నీ వల్ల కాకపోతే చెక్కమని యోస్ట్‌కిస్తా."

"యోస్టా! వాడి చేతిలో పునీతుడి గడ్డం చీపురైపోతుంది."

"అయితే నువ్వే కానియ్. ఆదివారం దాకా చూస్తా."

యోస్ట్ చేతికి పోనివ్వలేక ఆమే చాకు పట్టి, మొదట క్రిస్టఫర్ కాళ్లు చెక్కింది. తర్వాత ఏరు వచ్చింది. అక్కడ మూడే వంకర గీతలున్నాయి, మిగతాదంతా ఖాళీ. ఎప్పుడూ అంతే. "నీళ్ల సంగతి నువ్వు చూసుకో" అని ఆయన లేచి వెళ్లిపోయేవాడు.

"ఇంత పనీ నా నెత్తిన పడేసి పోతావేం?" అంది పైకే, అలవాటు కొద్దీ. జవాబు కోసం కాసేపు ఆగింది కూడా. తర్వాత అలలు తనే చెక్కుకుంది. ముఖం అన్నిటికన్నా చివర.

ఆదివారం దాటాక ఎండ్రెస్ అచ్చుశాలలో చెక్క మీంచి మొదటి కాగితం లేపాడు.

"చూడు పెద్దమ్మా, నీళ్లు పారుతున్నట్టే ఉన్నాయి! లీన్‌హార్ట్ పెదనాన్న చేయంటే చేయే."

ఆమె కాగితం వైపు చూడలేదు. సిరా తడి ఆరని చెక్క మీద వేలితో ఒక్కో గీతా తడుముతూ పోయింది. భుజం, కర్ర, గడ్డం. ఎక్కడ తడిమినా తన చాకు కోతే తగిలింది.

"ఏరు నాదిరా" అంది.

"ఏమన్నావు?"

"ఏం లేదు. రెండో కాగితం వెయ్యి, సిరా ఆరిపోతోంది."