కోచ్ ఇంటి ముందు ఓరిన్ బోర్డు

మా కోల్‌బర్న్‌లో మార్చి నెలలో ఎవరూ పెళ్లి పెట్టుకోరు. పెట్టుకున్నా ఓరిన్ స్టకీ రాడు. తన పెళ్లినే ఏప్రిల్‌కి జరిపించుకున్న మనిషి. మార్చిలో చర్చి ఖాళీగా ఉందని పెళ్లికూతురి తండ్రి అంటే, "ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించారా మావయ్యా?" అని అడిగాడట. మార్చిలో కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీలు. మా ఇండియానా రాష్ట్రంలో పుట్టినవాడికి అంతకు మించి చెప్పక్కర్లేదు.

నా పేరు మేవిస్. కాలేజీ స్టేడియం ఎదురుగా ఉన్న కాఫీ హోటలు నాదే. కిటికీ పక్కన గుండ్రటి బల్ల ఒకటుంది. దాని చుట్టూ రోజూ పొద్దున్నే ముగ్గురు చేరతారు. ఒకడు డాయిల్. ఊరవతల చిన్న విమానాశ్రయంలో ఇంధనం నింపుతాడు. ఇంకొకడు హ్యూబర్ట్, రిటైరైన చరిత్ర మాస్టారు. మూడోవాడు ఓరిన్. నాతో స్కూల్లో చదివాడు. ఇళ్ళు అమ్మిపెట్టడం అతని వృత్తి. ఈ ముగ్గురూ కాఫీ ఒకసారి కొని నాలుగుసార్లు పోయించుకుంటారు, పైగా నా కాఫీ పల్చగా ఉందంటారు.

ఊళ్ళో ఏ వీధికి వెళ్ళినా ఏదో ఒక పచ్చిక మీద ఓరిన్ నవ్వు మొహం కనిపిస్తుంది. "అమ్మబడును" అని పెద్దక్షరాలు, కింద అతని ఫొటో, ఫోన్ నంబరు. గట్టి రేకు బోర్డు, ఇనప కాళ్ళు. ఇళ్ళు చూసే తీరుని బట్టి మనుషుల్ని చదవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. వంటింటి అరలు తెరిచి చూసేవాళ్ళు కొంటారట, ఇంటి పైకప్పు వైపు చూసేవాళ్ళు కాలక్షేపానికి వచ్చినవాళ్ళట.

మెరిల్ టాలివర్ మా జట్టుకి కోచ్‌గా వచ్చినప్పుడు సికమోర్ వీధిలో ఇల్లు చూపించింది ఓరినే. టాలివర్ భార్య నీటా మిగతా గదులు చూడకుండానే వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయింది. పెళ్లయ్యాక ఆమె ఎన్ని ఊళ్ళు తిరిగిందో! కోచ్‌ని కట్టుకున్నదానికి పెట్టెలు విప్పడం, మళ్ళీ సర్దడం, అదే కాపురం. "ఇదైనా ఆఖరిదేనా?" అని మొగుణ్ణి అడిగింది. టాలివర్ ఓరిన్ భుజం మీద చెయ్యేసి, "ఈ ఇంట్లోంచి నన్ను నలుగురు మోసుకెళ్ళాల్సిందే" అన్నాడు. ఆ మాట ఓరిన్ నా హోటల్లో ఎంతమందికి చెప్పాడో నాకే తెలుసు. తనే గొప్ప కోచ్‌ని పట్టుకొచ్చినంత సంబరం. గృహప్రవేశం కానుకగా వాళ్ళింటి ముందు బాస్కెట్ స్తంభం తన చేతుల్తో పాతాడు. ఎండాకాలం వస్తే రెండు కుటుంబాలూ ఆ ఇంటి పెరట్లోనే మొక్కజొన్న పొత్తులు కాల్చుకు తినేవి.

మొదట్లో బాగా గెలిచారు. తర్వాత ఓటములు మొదలయ్యాయి. గుండ్రటి బల్ల దగ్గర మాటలు మారాయి.

"టాలివర్ మంచివాడే, ఎవరు కాదన్నారు? మా అత్తా మంచిదే, ఆవిణ్ణి కోచ్‌గా పెట్టుకుంటామా?" అనేవాడు డాయిల్.

"పొడుగు కుర్రాళ్ళు లేరయ్యా జట్టులో. కోచ్ ఏం చేస్తాడు, సాగదీస్తాడా?" అని హ్యూబర్ట్.

ఓరిన్ మొదట్లో స్నేహితుడి తరఫున గొంతు చించుకునేవాడు. నాలుగో ఏడు కూడా అలాగే పోయేసరికి అతనూ వాళ్ళ వైపు జారిపోయి, స్టేడియంలో కోచ్ మీద కేకలేసేవాడు. అభిమానం అంటే ఇంతే. అన్నం మానేస్తారు, నిద్ర మానేస్తారు, చివరికి మనిషిని మనిషిగా చూడ్డం కూడా మానేస్తారు. నాకు ఒళ్ళు మండేది.

మా వైపు ఒక పాడు అలవాటుంది. కోచ్ వరసగా ఓడిపోతుంటే ఎవరో ఒకరు వాళ్ళ ఇంటి ముందు పచ్చికలో అమ్మకం బోర్డు పాతి పోతారు. ఎక్కువగా అట్టముక్క మీద రంగుతో గీకిన రాత. ఇక మూటాముల్లె సర్దుకోమని దాని అర్థం. కోచ్‌లు కూడా నవ్వి పీకేస్తారు.

ఆ ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు మా ఊరికొచ్చి మమ్మల్ని మా స్టేడియంలోనే చిత్తుగా ఓడించింది. ముగ్గురూ మొహాలు వేలాడేసుకుని నా హోటల్లోకొచ్చారు.

"ఓరిన్, నీ బండి నిండా బోర్డులేగా. ఒకటి సికమోర్ వీధిలో పాతేసి రా. లేకపోతే స్నేహితుడని భయమా?" అని డాయిల్ పొడిచాడు.

"భయమేంట్రా? మెరిల్ అయితే నాకంటే ముందు తనే నవ్వుతాడు."

"వద్దు ఓరిన్. నవ్వాల్సింది నువ్వు కాదు, వాళ్ళు" అన్నాను నేను.

"నువ్వు కాఫీ చూసుకో తల్లీ" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

టాలివర్ దంపతులు ఇంకా స్టేడియంలోనే ఉన్నారు. పాతేసి వచ్చాడు. వాళ్ళు వెనక సందులోంచి ఇంట్లోకెళ్ళారు కాబట్టి ఆ సాయంత్రం చూడనేలేదు. మర్నాడు మాత్రం ఊరంతా చూసింది. అందరి ఫోన్లలోనూ ఆ ఫొటోనే. టాలివర్ గుమ్మం ముందు బోర్డు మీద ఓరిన్ స్టకీ పళ్ళికిలించుకుని ఉన్నాడు.

సోమవారాలు నా హోటల్‌కి 'పై' అనే తీపి వంటకం ముక్క కోసం వచ్చే టాలివర్ ఆ సోమవారం రాలేదు. ఆ తర్వాతి సోమవారమూ రాలేదు. "పనిలో ఉండుంటాడులే. నాకు తెలీదా మెరిల్ సంగతి?" అంటూనే ఓరిన్ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేవాడు. వాళ్ళింటికి వెళ్ళి ఒక్క మాట అడగొచ్చు కదా? వెళ్ళలేదు. రేపు, రేపు అని గడిపేశాడు.

పోటీలు ముగిశాక కాలేజీవాళ్ళు టాలివర్‌ని తీసేశారు. ఆ వారమే బల్ల దగ్గర ఉండగా ఓరిన్ ఫోను మోగింది. పేరు చూసి మొహం వెలిగిపోయింది. అందరికీ వినపడేలా పెట్టాడు.

"ఓరిన్, బోర్డు మీద నీ నంబరే ఉంది. ఇల్లు అమ్మిపెట్టు."

"మెరిల్, అదేదో సరదాకి..."

"తెలుసు. ఇప్పుడు సరదాకి కాదు. తాళాలు పక్కింట్లో ఇచ్చాం."

బల్ల దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. డాయిల్ చక్కెర డబ్బా అటూ ఇటూ జరిపాడు.

అయినా కొత్త కోచ్ వేట మొదలయ్యేసరికి అంతా మర్చిపోయారు. ఎవడొస్తాడు, ఎవణ్ణి అడిగారు, ఎవడు కాదన్నాడు. నా కాగితపు రుమాళ్ళన్నీ పేర్లతో నింపేశారు. కాలేజీవాళ్ళు నోరు విప్పరు కాబట్టి విమానాల రాకపోకల్ని బట్టి లెక్కలు కట్టడం మావాళ్ళ విద్య. ఒకరోజు కాన్సస్ నుంచి చిన్న విమానం వస్తోందని డాయిల్ కబురు పెట్టాడు. కొత్త కోచే అనుకుని ఊరు సగం జెండాలు పట్టుకుని కంచె దగ్గర నిలబడింది. దిగినాయన పందుల మందులు అమ్మే పెద్దమనిషి. ఆ స్వాగతానికి పాపం ఉక్కిరిబిక్కిరై అందరికీ చెయ్యూపాడు. రెండు రోజులు నవ్వుకున్నాం. ఓరిన్ నవ్వలేదు. ఆ రోజుల్లో అతను ఖాళీ ఇంటికి మనుషుల్ని తీసుకెళ్ళి, నీటా నిలబడిన కిటికీ దగ్గర నిలబడి, వెలుతురు బాగా వస్తుందని చెబుతున్నాడు.

చివరికి టేట్ వికరీ అనే కుర్ర కోచ్ దొరికాడు. మంచి పేరున్నవాడు, నున్నగా దువ్విన జుట్టు. ఓరిన్ ఆశగా అతన్ని సికమోర్ వీధికే తీసుకెళ్ళాడు. వికరీ పైకప్పు వైపు చూశాడు, ఫోను చూసుకున్నాడు, సామానుతో సహా అద్దెకిచ్చే ఫ్లాటు నెలవారీగా తీసుకున్నాడు.

"ఇల్లు కొనలేదు మేవిస్" అన్నాడు ఓరిన్, నా గల్లా దగ్గర నిలబడి.

"అయితే?"

"ఉండడు."

అదే జరిగింది. రెండేళ్ళు దుమ్ము రేపాడు, మమ్మల్ని మార్చి పోటీలకి తీసుకెళ్ళాడు. పెద్ద కాలేజీ పిలవగానే మంచి ఆటగాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రుమాళ్ళు, మళ్ళీ పేర్లు, మళ్ళీ విమానాలు. ఒక పొద్దున హ్యూబర్ట్ మెల్లిగా, "టాలివర్‌నే మళ్ళీ పిలిస్తే?" అన్నాడు. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. కాలేజీలో ఆ వ్యవహారం చూసే పెద్దమనిషి కూడా, "నీ స్నేహితుడేగా ఓరిన్, మనసులో ఏముందో కనుక్కో" అన్నాడట. ఓరిన్ ఆ రోజు వెలిగిపోయాడు. అతనికి కావలసింది కోచ్ కాదని నాకు తెలుసు. మెరిల్ తిరిగొస్తే, ఆ బోర్డు పాతనట్టే అయిపోతుందని ఆశ. టాలివర్ ఇప్పుడు పక్క రాష్ట్రం ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో హైస్కూలు ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాడు. ఓరిన్ అక్కడికి బయల్దేరుతుంటే నేను మీగడ పై ఒకటి కట్టిచ్చాను. నీటాకి అదంటే ఇష్టం.

తిరిగొచ్చాక ఓరిన్ బల్ల దగ్గరికి వెళ్ళలేదు. నా ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూలబడ్డాడు.

నీటా తలుపు తీసి, పై తీసుకుని, మేవిస్ బాగుందా అని అడిగి లోపలికెళ్ళిపోయిందట. మళ్ళీ బయటికి రాలేదట. టాలివర్ గుమ్మం మెట్ల మీద కూర్చుని మామూలుగానే మాట్లాడాడట.

"నువ్వు అరిచినందుకు నాకు కోపం లేదు ఓరిన్. అరుపులు పడ్డానికే మాకు జీతం. ఆ ఆదివారం పొద్దున పేపరు కోసం ముందు బయటికెళ్ళింది నీటా. ఎవడో పాతిన అట్టముక్కయితే పీకి చెత్తబుట్టలో వేసేది. వేరే ఊళ్ళలో వేసింది కూడా. కానీ అది నీ బోర్డు. మాకు ఇల్లు ఇప్పించినవాడి బోర్డు. నేను తనకి చెప్పకుండా నీతో మాట్లాడుకుని ఇల్లు అమ్మకానికి పెట్టాననుకుంది. నేను లేచేసరికి వంటింట్లో గిన్నెలకి కాగితాలు చుడుతోంది. ఏడవలేదు, అరవలేదు. అలవాటైన పని కదా."

"సరదాకని చెప్పలేదా మెరిల్?"

"చెప్పాను. నమ్మింది. చుట్టిన గిన్నెలు మాత్రం మళ్ళీ విప్పలేదు. ఇక్కడ అద్దెకుంటున్నాం. ఇల్లు కొందామంటే వద్దంటుంది. మళ్ళీ కోల్‌బర్న్ వెళ్దామా అని నేను తనని అడగను ఓరిన్. అడగలేను."

ఇది చెప్పేటప్పుడు ఓరిన్ తన టోపీని పిసికి పిసికి ముద్ద చేశాడు. క్షమించమని అడిగావా అన్నాను. అడిగాడట. టాలివర్ అతని వీపు తట్టి, "దారిలో మంచు కురుస్తుంది, జాగ్రత్తగా వెళ్ళు" అన్నాడట. నీటాని అడిగే ధైర్యం చాలలేదట. నాకు ఏడుపొచ్చింది, ఆ మూర్ఖుణ్ణి చూసి కోపమూ వచ్చింది. వేడి కాఫీ పోసి ముందు పెట్టాను. తాగలేదు.

కిటికీ దగ్గర్నుంచి డాయిల్ కేకేశాడు. "ఏమన్నాడోయ్? వస్తాడా? జీతం చాలదన్నాడా?"

"రాడు" అన్నాడు ఓరిన్. "నీటా ఇంకా గిన్నెలు విప్పలేదట."

"ఎవరి గిన్నెలు?" అన్నాడు డాయిల్. వెంటనే హ్యూబర్ట్ వైపు తిరిగాడు. మర్నాడు పొద్దున టెక్సస్ నుంచి ఒక విమానం దిగబోతోందట. ఈసారి పక్కా కబురట.