పిన్నమ్మ పొయ్యికి నేను చేసిన ప్రచారం

పత్రికల వాళ్లన్నా, ఎగ్జిబిషన్లన్నా, "సరికొత్త" అన్న మాటన్నా నాకు ఒళ్లు మంట. ఆ మాటలే అమ్ముకుని ఒక జీవితకాలం బతికాను కాబట్టి ఆ మంటకు నాకు హక్కుంది. అదెక్కడ మొదలైందో కూడా బాగా తెలుసు. పందొమ్మిది వందల అరవైల్లో, బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, మా సొంత వీధిలో.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నేను ఆ గేటు తొక్కనని మొండికేసి, కలకత్తాలో ఇంటి సామాన్లు చేసే ఒక కంపెనీ ప్రచార విభాగంలో చేరాను. బకెట్లు, లాంతర్లు, పొయ్యిలు. గోడల మీద రాతలు రాయించడం, సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు వేసే స్లైడ్లు తయారు చేయించడం, మైకు కట్టిన రిక్షా వెనక నడవడం, పత్రికలకు పంపే కాయితాలు రాయడం నా పని. నాలుగు భాషలు వచ్చినవాణ్ణని మా మేనేజరు నన్ను ఎక్కడికైనా వెంటబెట్టుకుని తిరిగేవాడు. బెంగాలీ ఆయన. ఇస్త్రీ నలగని మనిషి. ఎదుటివాడి మాట పూర్తికాకముందే తల ఊపేవాడు.

ఒకసారి దుకాణాలు చూడడానికి ఇద్దరం ఖరగ్‌పూర్ వచ్చాం. హోటలు తిండి పడదన్నాడు. మా అమ్మ ఊళ్లో లేదు. సుభాష్‌పల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల పిన్నమ్మ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. ఆమె భర్త వర్క్‌షాపులో రేకు పని చేసేవాడు. పిల్లల్లేరు. చిన్నప్పటినుంచీ నా భోజనాలు సగం ఆ ఇంట్లోనే. మేనేజరును అక్కడికే తీసుకెళ్లాను.

ఆ రోజుల్లో ఇంటింటా బకెట్టు పొయ్యే. ఇనప బకెట్టుకు లోపల మట్టి మెత్తి, మధ్యలో చువ్వలు అడ్డం పెట్టి, పైన బొగ్గు వేస్తారు. గాలికి కింద ఒక కన్నం. రాజుకున్నాక మంటను తగ్గించే వీలుండదు. అన్నం ఉడికినా బొగ్గు మండిపోతూనే ఉంటుంది. పిన్నమ్మ దీనికో ఉపాయం చేసింది. చువ్వలకు జానెడు కింద కన్నాలున్న రెండు గుండ్రటి రేకులు, ఒకదాని మీద ఒకటి. పై రేకుకు బయటికి ఒక పిడి. పిడి తిప్పితే కన్నాలు కలిసి గాలి వస్తుంది. వెనక్కి తిప్పితే మూసుకుని మంట తగ్గిపోతుంది. పొద్దుట వేసిన బొగ్గు సాయంత్రం టీకి కూడా సరిపోయేది. రేకులు కోసింది భర్తే అయినా, ఆలోచనంతా ఆమెదే.

మేనేజరు చెయ్యి కడుక్కోవడానికి లేచి, పొయ్యి ముందు ఆగిపోయాడు. పిడి ఇటూ అటూ తిప్పాడు.

"దారుణ్, మాషీమా! దారుణ్!"

పిన్నమ్మ మొహం మాడిపోయింది. ఇరవై ఏళ్లు ఇక్కడున్నా ఆమె బెంగాలీ చేపల బజారు దాటలేదు.

"ఏటి దారుణం? తిన్నంతసేపూ తిని, నా పొయ్యికి వంకలెడతాడేటి?"

బెంగాలీలో మాషీమా అంటే పిన్నమ్మేనని, దారుణ్ అంటే చాలా గొప్పగా ఉందని అర్థమని నేను నవ్వుతూ చెప్పాను. ఆమె పొంగిపోయింది. చల్లారిన ఇంకో పొయ్యి తెచ్చి, విప్పి, అంతా చూపించింది. రేకు చువ్వలకు దగ్గరగా ఉండకూడదని, కన్నాలు వదిలి ఊక కలిపిన మట్టి దాని మీద వేలెడు మందాన మెత్తాలని, లేకపోతే కాలిపోతుందని. నేను ఒక్క ముక్క వదలకుండా బెంగాలీలో చెప్పాను. మేనేజరు చిన్న పుస్తకంలో బొమ్మ గీసుకున్నాడు.

ఆరు నెలలు తిరక్కుండా మా కంపెనీ ఒక సరికొత్త పొయ్యి బయటపెట్టింది. ఆకుపచ్చ రంగు, నికెలు పిడి. పత్రికలకు కాయితం రాయమని మేనేజరు నన్నే పిలిచాడు. "మన ఇంజనీర్లు రెండేళ్లు శ్రమించి కనిపెట్టారు, అలా మొదలుపెట్టు."

"సార్, ఇది మా పిన్నమ్మ చేసింది కదా."

"ఆమె తన వంటకి ఏదో రేకు వేసుకుంది. మనం వస్తువు తయారుచేశాం. రెండూ ఒకటేనా?"

నేను రాశాను. మెడ మీద కత్తి పెట్టి ఎవరూ రాయించలేదు. కంపెనీ ఇంజనీర్లకు నేనే రాత్రింబవళ్ల శ్రమ అంటగట్టాను.

ఆ చలికాలం ఖరగ్‌పూర్‌లో పారిశ్రామిక ప్రదర్శన పెట్టారు. మా స్టాలుకు పత్రికల వాళ్లు వచ్చారు. చేపల వేపుడు తిన్నారు, తలా ఒక పొయ్యి కాగితంలో చుట్టించుకున్నారు. ఒక్కడంటే ఒక్కడు ఆ పిడి ముట్టుకోలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు రోజుల తర్వాత నా కాయితం ఉన్నదున్నట్టు, నేను చేసిన అక్షరదోషంతో సహా, మూడు పత్రికల్లో అచ్చయింది. ఆ తప్పు చూసి నేను సిగ్గుపడలేదు. వాళ్ల మీద అసహ్యం మాత్రం అప్పుడే పుట్టింది.

స్టాల్లో తెలుగు మైకు పట్టింది నేనే. "అమ్మల్లారా, అక్కల్లారా, మీ ఇంటి పిల్లాణ్ణి చెబుతున్నాను" అంటూ గొంతు చించుకున్నాను. మా వీధి ఆడవాళ్లు నన్ను చూసి మురిసిపోయి కొన్నారు. మూడో రోజు మధ్యాహ్నం పిన్నమ్మ వచ్చింది, భర్తతో. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పిడి తిప్పింది. లోపలికి చెయ్యి పెట్టి తడిమింది.

"ఇది నా పొయ్యి గాదేట్రా?"

మైకు ఆపేశాను. "పిన్నమ్మా, ఇంటికొచ్చి మాట్లాడతాను."

"మాటలెందుకు? తీసుకున్నారు, తీసుకోండి. నాకేటి పేరు గావాలా? గానీ తప్పు సేసినారు. రేకుని తీసుకెల్లి సువ్వల కిందకి అంటించేసినారు. మట్టి మెత్తనేదు. నెల్లాళ్లు తిరక్కుండా అడుగూడి నిప్పులు కాళ్ల మీద పడతాయి." లేచి, చుట్టూ ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగింది. "కొనకండి. నా మాటినండి."

మేనేజరు గబగబా వచ్చాడు. పక్కన ఒక విలేకరి కూడా ఉన్నాడు, జేబులోంచి పుస్తకం తీస్తూ. "ముసలామె ఏమంటోంది?" అని విలేకరి నన్నడిగాడు.

"ధర ఎక్కువంటోంది" అన్నాను బెంగాలీలో.

పిన్నమ్మకు అర్థం కాలేదు. ఆమె భర్తకు అర్థమైంది. బాబాయి రోజుకు పది మాటలు మాట్లాడే మనిషి కాదు. నా మొహంలోకి ఒకసారి చూసి, విలేకరితో వచ్చీరాని బెంగాలీలో చెప్పాడు: "అలా అనలేదు దాదా. ఈ పొయ్యి కాలిపోద్దంటోంది."

విలేకరి మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నవ్వాడు. "పోటీ కంపెనీ పంపిన మనుషులు" అన్నాడు. విలేకరి పుస్తకం మూసేశాడు. ఇద్దరు వాలంటీర్లు వచ్చి వాళ్లిద్దరినీ బయటికి నడిపించారు. పిన్నమ్మ వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను తల దించుకున్నాను. చూసిందో లేదో నాకు తెలియదు.

ఆమె చెప్పింది చెప్పినట్టే జరిగింది. కాకపోతే నెల కాదు, నెలన్నర. ఒక ఆదివారం కలకత్తా నుంచి ఇంటికొస్తే మా వరండా నిండా ఆకుపచ్చ పొయ్యిలు, అడుగులు ఊడినవి. పదకొండు. అవతలి వీధిలో ఒకామె పాదం మీద నిప్పులు పడి బొబ్బలెక్కిపోయింది. పాదానికి మాసిన గుడ్డ చుట్టుకుని ఆమె మా మెట్ల మీదే కూర్చుని ఉంది.

"కంపెనీకి రాయాలమ్మా, ఇక్కడికెందుకు తెచ్చారు?" అన్నాను. ఆ నోటితో ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"కంపెనీ ఎవుడు? మాకు తెలీదు. మైకులో అమ్మా అమ్మా అని అరిసింది నువ్వు. నిన్ను సూసి కొన్నాం."

మా నాన్న సైకిలెక్కి వెళ్లిపోయాడు. అమ్మ లోపల్నుంచి ఒక్క మాట అంది: "ఈల మొకాలు ఎలాగ సూడమంటావు మమ్మల్ని?"

మేనేజరుకు చెప్పాను. ఆడవాళ్లు పొయ్యి వాడడం తెలియక పాడుచేస్తున్నారని పత్రికలకు ఒక కాయితం రాయమన్నాడు. రాయనన్నాను. దాన్ని ఎవరూ ధైర్యమనుకోవద్దు. ఇంకొకడు రాశాడు, అది కూడా అచ్చయింది, నేను ఆ కంపెనీలోనే ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. ఆ మేనేజరుకు తర్వాత కలకత్తాలో పరిశ్రమల వాళ్ల సభలో శాలువా కప్పారు, కొత్త ఆలోచనలకు ఆద్యుడని. వెనక వరసలో కూర్చుని అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

పొయ్యిలు బాగుచేసింది పిన్నమ్మే. మూడు ఆదివారాలు మా పెరట్లో కూర్చుని, బాబాయి రేకులు కోస్తుంటే ఆమె మట్టి మెత్తింది. ఊక కలిపి మట్టి తొక్కే పని నాది. నాతో మాట్లాడేది కాదు. "మెత్తగా తొక్కమను" అని మా అమ్మతో చెప్పేది. చివరి రోజు ఉండబట్టలేక అన్నాను:

"ఇది నీ ఆలోచనేనని పత్రికకు రాస్తాను పిన్నమ్మా. నా పేరుతోనే రాస్తాను."

చేతులకున్న మట్టి బకెట్టు అంచుకు తుడుచుకుంది. మొదటిసారి నా వైపు చూసింది.

"నువ్వు రాసినదేదీ నాకొద్దు. నా గుమ్మంలోకి రాకు. ఆకలేస్తే మీ యమ్మ పెడతాది."

సాయంత్రం ఆడవాళ్లు వచ్చి ఎవరి పొయ్యి వాళ్లు పట్టుకెళ్లారు. పాదం కాలినామె ఆఖర్న వచ్చింది, కుంటుకుంటూ. మోసి పెడతానని ముందుకెళ్లాను. ఆమె పొయ్యిని రెండో చేతిలోకి మార్చుకుని, నన్ను తప్పించుకుని వెళ్లిపోయింది.